ఆరో అంశం

సోమవారం పొద్దున్న పదిన్నరకి గంగాభవాని తొమ్మిదో నంబరు హెడ్‌ఫోను ముందు పెట్టుకుని కూర్చుంది. చెవి మెత్త ఊడిపోయింది. దానంతట అది ఊడలేదు, స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులో విసుగెత్తిన మహానుభావుడెవరో గోరుతో గిల్లి గిల్లి పీకేశాడు. అనకాపల్లిలో ఉన్న ఆ యూనివర్సిటీ భాషా కేంద్రంలో ముప్ఫై హెడ్‌ఫోన్లుంటే, ఈ గిల్లుడు తగలనివి నాలుగే. గంగాభవాని మెత్త వెనక జిగురు రాసి, బొటనవేలితో నొక్కిపట్టి, వంద లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

ఆమె ఉద్యోగం పేరు ప్రాజెక్టు అసిస్టెంటు. పిల్లలు ల్యాబులోకి వస్తే పాఠం పెట్టాలి. మేష్టార్లకి ప్రొజెక్టరు వెలగకపోతే వెలిగించాలి. పరిశోధన చేసేవాళ్ళ రికార్డింగులు విని, ఉన్నదున్నట్టు టైపు చేసిపెట్టాలి. ఆరు నెలలకోసారి ఉద్యోగం పొడిగిస్తారు. ఈసారి ఆ పొడిగింపు శుక్రవారం వచ్చే రివ్యూ కమిటీ చేతిలో ఉంది. కమిటీ అడగబోయేది ఒక్కటే, గొలుగొండ దాటాక కొండమీదుండే పనసమెట్ట అనే చిన్న ఊళ్ళో పందొమ్మిది మంది దగ్గర రికార్డు చేసుకొచ్చిన మాటలు. అవి ఉంటే ప్రాజెక్టుంటుంది, ప్రాజెక్టుంటే గంగాభవాని ఉంటుంది.

అరవై మూడు దగ్గరుండగా గుమ్మంలో ఎవరో దగ్గారు.

"ఇదేనా అమ్మా, మాటల ఆఫీసు?"

అరవై దాటిన మనిషి. చెప్పులు వరండాలోనే విడిచి, కొంగు ముడి గుప్పెట్లో పట్టుకుని నిలబడింది. మొహం గుర్తొచ్చేలోగానే గంగాభవానికి గొంతు గుర్తొచ్చేసింది. నాలుగు నెలలుగా ఆ గొంతుని చెవుల్లో పెట్టుకుని, ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ విని రాసింది కదా. మూడో నంబరు మనిషి, తల్లమ్మ. మాట మొదలెట్టేముందు ముక్కుతో ఒక గాలి పీలుస్తుంది. ఇప్పుడూ పీల్చింది.

"నాలుగు నెల్లయినాది. మా అర్జీ ఏటైనాదో కనుక్కుందారని వచ్చేను."

"ఏ అర్జీ మామ్మా?"

తల్లమ్మ కొంగు ముడి విప్పింది. అందులో పాలిథిన్ కవరు, కవర్లో మడతపెట్టిన గులాబీ రంగు కాగితాలు. పందొమ్మిది. "మీరిచ్చిన రసీదులే కదేటి. అందరివీ అట్టుకొచ్చేను. మళ్ళీ ఒక్కొక్కలూ రావాలంటే బస్సులు నేవు" అని, వాటిని బల్లమీద పెట్టి చదును చేసింది.

అవి రసీదులు కావు. రికార్డు చేసేముందు ప్రతి మనిషి దగ్గరా ఒక అంగీకార పత్రం మీద వేలిముద్ర తీసుకుని, దాని కాపీ వాళ్ళ చేతికిచ్చారు. కాని పనసమెట్టవాళ్ళ అనుభవం వేరు. పట్నంనుంచి వచ్చినవాళ్ళు పేరడిగి, ఊరడిగి, వేలిముద్ర వేయించుకుని, మాట్లాడమని, చివర్న కాగితం ముక్క చేతిలో పెట్టారంటే దానికి వాళ్ళకి తెలిసిన అర్థం ఒక్కటే. కాబట్టి పందొమ్మిది మందీ మైకు ముందు బుద్ధిగా కూర్చుని, ఊరి బోరింగుకి హేండిలు లేదని విన్నవించుకున్నారు. రెండేళ్ళ కిందట రిపేరుకని నీళ్ళ ఆఫీసువాళ్ళు ఊడదీసి పట్టుకుపోయారు. మరి తేలేదు.

నచ్చిన పండగ గురించి చెప్పమంటే, "పండగనాడు తలంటుకుందామంటే నీళ్ళేవి బాబూ, హేండిలు నేదు" అన్నారు. చిన్ననాటి జ్ఞాపకం చెప్పమంటే, "మా సిన్నప్పుడు బోరింగే నేదు, ఇప్పుడు బోరింగుంది, హేండిలు నేదు" అన్నారు. మత్స్యరాజు అనే ఆయన్ని కొండమీద పక్షుల పేర్లడిగితే మూడు పేర్లు చెప్పి, అవి కూడా బోరింగు చుట్టూ తిరిగి పోతున్నాయన్నాడు.

కేంద్రం డైరెక్టరు దేవేంద్ర గారికి ఆ రికార్డింగులు విన్నరోజున పట్టలేని సంతోషం కలిగింది. "ఒకే విషయాన్ని పందొమ్మిది గొంతులు! ఇలాంటి పోలిక కావాలన్నా దొరకదు గంగాభవానీ!" అని స్వీట్లు తెప్పించారు. ఆయన మంచివాడే. అచ్చుల పొడుగు కొలవడం తప్ప మరో వ్యసనం లేదు.

గంగాభవాని కూడా స్వీటు తింది. హేండిలు అనే మాటని తన చేత్తో నూట పన్నెండుసార్లు టైపు చేసింది. సాగదీసిన చోట చుక్కలు పెట్టింది, ఆగిన చోట ఎన్ని క్షణాలాగారో రాసింది. ఇంతకీ ఆ హేండిలు వచ్చిందా అని మాత్రం ఒక్కరోజూ అనుకోలేదు. ఇప్పుడు ఆ మనిషి రెండు బస్సులు మారి వచ్చి ఎదురుగా నిలబడితే సిగ్గేసింది.

"కూచో మామ్మా" అని కుర్చీ లాగి, ఒక గులాబీ కాగితం తీసి, ఇది అర్జీ కాదని మెల్లిగా చదివి చెప్పడం మొదలుపెట్టింది. ఒకటో అంశం, మీ మాటలు చదువుల కోసమే వాడతాం. రెండో అంశం, మీ పేరు బయటపెట్టం. తల్లమ్మ ప్రతిదానికీ తలూపింది. ఆరో అంశం దగ్గరికి వచ్చేసరికి తలూపడం ఆపింది.

"మరోపాలి సదువు."

"మీరు ఎప్పుడైనా, ఏ కారణమూ చెప్పనక్కర్లేకుండా, మీ మాటలను వెనక్కి తీసుకోవచ్చు."

"ఎప్పుడైనానా?"

"ఆఁ."

"కారణం సెప్పక్కర్నేదా?"

"అక్కర్లేదు."

తల్లమ్మ ముక్కుతో గాలి పీల్చింది. "అలాగైతే మా మాటలు మాకిచ్చీండి."

*

దేవేంద్ర గారు తన గదిలో తల్లమ్మకి కాఫీ తెప్పించారు, ఫ్యాను వేయించారు, ఎదురుగా తనూ కూర్చున్నారు. కంగారుపడినప్పుడు ఆయన తెలుగు ఇంకా గ్రాంథికమైపోతుంది.

"అమ్మా, మీ పలుకుబడి అమూల్యమైనది. అది జాతి సంపద."

"అయితే మరి జాగర్తగా మూట గట్టి ఇచ్చీండి బాబూ."

"ఇచ్చివేయుటకు అది వస్తువు కాదమ్మా!"

"ఇయ్యనేనప్పుడు కాయితం మీద ఎందుకు రాసేరు? ఈ కాయితం రాసిందెవలు?"

"నేనే" అన్నారు దేవేంద్ర గారు.

తల్లమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. "మంచి కాయితం రాసేవు బాబూ. రేషను కాయితం, పట్టా కాయితం, ఇన్ని కాయితాల మీద ఏలిముద్దర్లేసేను. నా ఇట్టమొచ్చినప్పుడు ఎనక్కి తీసుకోవచ్చని రాసింది ఎక్కడా నేదు. నీదొక్కటే."

దేవేంద్ర గారికి అంత ఇబ్బందిలోనూ కాస్త గర్వం వేసింది. అది ఆయన మొహంలో కనిపించింది కూడా. శుక్రవారం కమిటీకి చూపించాల్సినవన్నీ ఇవేనని, ఇవి పోతే ఈ అమ్మాయి ఉద్యోగం కూడా పోతుందని ఆయన నచ్చజెప్పబోయారు. గంగాభవాని వద్దన్నట్టు కళ్ళతో సైగ చేసింది గాని ఆలస్యమైపోయింది. తల్లమ్మ ఆమె వైపు తిరిగింది.

"నీ ఉజ్జోగం పోతాదేటి?"

"పోవచ్చు మామ్మా."

తల్లమ్మ గ్లాసు అడుగున మిగిలిన కాఫీ కూడా తాగేసి లేచింది. "పాపం. మరి మా నీళ్ళూ పోనాయి కదా. లచ్చివారం దాకా సూత్తాను. హేండిలు వత్తే మాట్లాడుకుందాం. రాకపోతే మా మాటలు మాకిచ్చీయాల. ఉంచుకున్నోళ్ళకి మంచిది కాదు."

పందొమ్మిది కాగితాలూ మళ్ళీ కొంగున కట్టుకుని వెళ్ళిపోయింది. లక్ష్మివారానికి, అంటే గురువారానికి, ఇంకా మూడు రోజులుంది. దేవేంద్ర గారు ఫోను తీసి, నీళ్ళ ఆఫీసు నంబరు వెతకమన్నారు. మంగళవారం సాయంత్రం దాకా ఆ నంబరు మోగుతూనే ఉంది.

*

బుధవారం ఇద్దరూ స్వయంగా బయల్దేరారు, ఆర్టీసీ బస్సులో. ప్రాజెక్టు జీపుని శుక్రవారం కమిటీ కోసం కడిగించి పెట్టారు, దాన్ని దుమ్ములోకి తీసుకెళ్ళడానికి వీల్లేదు. దేవేంద్ర గారు ఒళ్ళో బేగు పెట్టుకుని, దాన్ని రెండు చేతులా వాటేసుకుని కూర్చున్నారు. అందులో నిరుడు వేసిన ప్రాజెక్టు నివేదిక ఒకటి, నాలుగువందల పేజీలు. తువ్వాలులో చుట్టిన హార్డ్ డిస్కు ఒకటి. పందొమ్మిది మంది గొంతులూ, టైపు చేసిన ఫైళ్ళూ అందులోనే ఉన్నాయి. ఇంకెక్కడా లేవు. కాపీలు తీస్తే ఎవరో ఎత్తుకుపోయి వ్యాసం రాసేసుకుంటారని ఆయన భయం.

నీళ్ళ ఆఫీసు గుమ్మంలో ఆయన దేన్నో తన్నుకుని ముందుకి తూలారు. గంగాభవాని భుజం పట్టుకుని ఆపింది.

"చూసుకుని రండి సార్, అందరూ దాన్నే తన్నుకుంటారు" అన్నాడు లోపల్నుంచి గుమాస్తా నూకరాజు, తలెత్తకుండా.

పనసమెట్ట పేరు చెప్పేసరికి అతను రెండు ఫైళ్ళు తిరగేశాడు. "ఆ ఊర్నించి మాకు ఫిర్యాదే లేదండి. రెండేళ్ళబట్టి ఒక్క కాగితం రాలేదు. ఫిర్యాదు లేదంటే బోరింగు బాగున్నట్టే లెక్క."

"హేండిలు మీరే తెచ్చేరు కదండీ?" అంది గంగాభవాని.

"తెచ్చినట్టు రాసుకున్నామండి. తిరిగి ఎక్కించమని ఎవరూ రాయలేదు కదా."

దేవేంద్ర గారు గట్టిగా ఊపిరి తీసుకుని, "ఫిర్యాదులున్నాయి. పందొమ్మిది" అన్నారు. గంగాభవాని సంచీలోంచి తను టైపు చేసిన ప్రతులు తీసి బల్లమీద పెట్టింది. ముందురోజే కుట్టించి, అట్ట వేయించింది.

నూకరాజు కళ్ళజోడు సర్దుకుని పైకే చదివాడు. "'బోరింగుంది, బ్రాకెట్లో విరామం, హేండిలు నేదు, బ్రాకెట్లో ముక్కుతో గాలి.' ఇదేంటండీ ముక్కుతో గాలి?"

"ఆమె అలా పీలుస్తారండి."

"ఫిర్యాదులో గాలి పీల్చినట్టు రాయకూడదండి."

"పీల్చారు కాబట్టి రాశాం" అన్నారు దేవేంద్ర గారు. తన శాస్త్రం మీదకి వస్తే ఆయన ఎవరికీ తగ్గరు. "మీరు దాన్ని కొట్టేస్తే అది ఆమె ఫిర్యాదు కాదు, మీ ఫిర్యాదు అవుతుంది."

"గాలికి మా రిజిస్టర్లో కాలమ్ లేదు సార్."

"వేయించుకోండి!"

నూకరాజు ఇదేదో గొడవ మనిషి అనుకున్నాడో ఏమో, పేజీలు తిప్పాడు. మొదట పైకి చదివాడు. తర్వాత పెదాలు మాత్రం కదిపాడు. ఆ తర్వాత అవీ కదల్లేదు. పదకొండో మనిషి మాటల మధ్యలో గంగాభవాని బ్రాకెట్లో రాసిన సంగతి ఒకటుంది. 'నవ్వు కాదు, ఏడుపు.' అతను అక్కడ ఆగిపోయాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, కుర్చీ వెనక్కి జరిపాడు.

"అదిగోనండి మీ హేండిలు."

గుమ్మంలో దేవేంద్ర గారు తన్నుకున్నది అదే. తలుపు కింద అడ్డంగా పడుంది, పొడుగాటి ఇనప కడ్డీ. దానిమీద తెల్లరంగుతో పనసమెట్ట అని రాసి కూడా ఉంది.

"రిపేరు అప్పుడే అయిపోయిందండి. మధ్యాహ్నం గాలికి తలుపు ఆగట్లేదని అక్కడ పెట్టేం. మంచి బరువుగా ఉంది. అలా ఉండిపోయింది." నూకరాజు గొంతు కొంచెం తగ్గింది. "పట్టుకెళ్ళండి. కాని తలుపుకి ఏదో ఒకటి పెట్టి వెళ్ళండి సార్. లేకపోతే రోజంతా డబడబా కొట్టుకుంటుంది, పని చేసుకోలేం."

గంగాభవాని చుట్టూ చూసింది. రాయి లేదు, ఇటుక లేదు. దేవేంద్ర గారు కాసేపు తనలో తాను తర్జనభర్జన పడి, బేగు తెరిచి, నాలుగువందల పేజీల నివేదిక బయటికి తీశారు. వంగి దాన్ని తలుపు కింద పెట్టి, కాలితో జరిపి చూశారు. తలుపు కదల్లేదు. నిరుటినుంచి ఆ నివేదిక వల్ల ఎవరికైనా ఏదైనా మేలు జరగడం అదే మొదటిసారి.

ఎక్కించేది ఎవరన్నది ఇంకో పేచీ. హేండిలు ఇవ్వడానికి పైనుంచి ఆర్డరు అక్కర్లేదట గాని, ఎక్కించడానికి కావాలట. నూకరాజు మెకానిక్కు బాబ్జి నంబరు రాసిచ్చాడు. బాబ్జి ఫోనులో అంతా విని, "ఆర్డరు నేకండా నేను సెయ్యేత్తే నా మీదకొత్తాది మేడమ్. రేపొచ్చి పక్కన నిలబడతాను. ఎలాగెక్కించాలో సెప్తాను. మీరెక్కించుకోండి" అన్నాడు.

*

లక్ష్మివారం పొద్దున్న బస్సులో కండక్టరు ఆ హేండిల్ని చూసి, నిలబెడితే మనిషి కింద లెక్క, పడుకోబెడితే సామాను కింద లెక్క అన్నాడు. పడుకోబెట్టారు. నర్సీపట్నం దాకా ఎక్కినవాళ్ళూ దిగినవాళ్ళూ దాన్ని దాటుకుంటూ, ఏటిది, ఎవలది అని అడుగుతూనే ఉన్నారు. దేవేంద్ర గారు మొదట్లో ప్రాజెక్టు మొత్తం వివరించారు. నాలుగో మనిషి నుంచి "బోరింగుదండి" అని ఊరుకున్నారు.

ముందే చేరిన బాబ్జి కబురు చెప్పాడు కాబోలు, కొండ కింద మత్స్యరాజు ఎదురొచ్చాడు. తల్లమ్మకి మరిది. హేండిలు భుజాన వేసుకుని ముందు నడిచాడు. దానిమీదున్న ఊరి పేరుని వేలితో తడిమాడు. పైకి వెళ్ళేసరికి ఊరంతా బోరింగు దగ్గరే ఉంది, ఖాళీ బిందెలతో. బాబ్జి తన సామాను నేలమీద పరిచి, చేతులు కట్టుకుని, ఆర్డరు లేని మనిషిలా రెండడుగుల దూరంలో నిలబడ్డాడు.

"ముందు పైన మూత ఇప్పండి. ఆ బోల్టు కాదు సార్, దాని పక్కది. ఎడంపక్కకి తిప్పండి. మీ ఎడం కాదు, దాని ఎడం."

దేవేంద్ర గారు ముప్ఫై ఏళ్ళుగా ఇతరులకి నేర్పినవారు. ఇప్పుడు స్పానరు పట్టుకుని, నుదుటి మీద గ్రీజుతో, చెప్పింది అర్థంకాని పిల్లాడిలా బాబ్జి మొహంలోకి చూశారు. గంగాభవాని బోరింగు లోపలి గొలుసుని ఎత్తిపట్టుకుంది, మత్స్యరాజు హేండిలు దూర్చాడు, చివరి బోల్టు దగ్గర బాబ్జికి చేతులు ఆగలేదు. "అబ్బ, ఇటివ్వండి" అని లాక్కుని రెండు తిప్పుల్లో బిగించేసి, మళ్ళీ వెనక్కి వెళ్ళి చేతులు కట్టుకున్నాడు.

తల్లమ్మ కొట్టింది. ఇరవైసార్లు కొట్టినా గాలే వచ్చింది. తర్వాత తుప్పు నీళ్ళు వచ్చాయి, మరికాసేపటికి తేటనీళ్ళు. ఎవరూ కేకలు వెయ్యలేదు. ఒక్కొక్కరే ముందుకొచ్చి, దోసిలి పట్టి, మొహం కడుక్కుని పక్కకి తప్పుకున్నారు. 

బిందెలు నిండాక దేవేంద్ర గారు గొంతు సవరించుకున్నారు. "తల్లమ్మ గారూ, హేండిలు వచ్చింది. ఇక మీ మాటలు మా దగ్గరే ఉంచుకోవడానికి అభ్యంతరం లేదు కదా?"

తల్లమ్మ కొంగు ముడి విప్పి, పందొమ్మిది గులాబీ కాగితాలూ ఆయన చేతిలో పెట్టింది. "ఇయ్యి తీసుకోండి బాబూ. పనైపోనాది కదా, ఇంకెందుకు? ఆ అర్జీలు కొట్టీయండి."

"అయ్యో, అది కాదమ్మా..."

"పనైపోనాక కూడా మా గోడు మీ ఆఫీసుల్లో తిరగతా ఉంటే బాగుంటాదేటి? హేండిలిచ్చినోళ్ళు ఏటనుకుంతారు? ఇచ్చినా ఇంకా ఏడత్తన్నారు అనుకోరేటి? మరోపాలి మన మాట ఇంతారా?"

ఊరంతా నిజమేనని తలూపింది. పని చేసినవాళ్ళ మీద చెప్పుకున్న గోడు పని అయ్యాక చెరిపేసుకోవడం మర్యాద. అంతకంటే న్యాయమైన మాట ఆ కొండమీద ఇంకోటి లేదు. దేవేంద్ర గారి మొహం పాలిపోయింది. ఆయన గంగాభవాని పక్కకి వంగి ఇంగ్లీషులో గొణిగారు. ఇప్పటికి సరే అనేద్దాం, ఒకటో రెండో తుడిచినట్టు చూపిద్దాం, రేపు కమిటీ వెళ్ళాక మిగతాది ఆలోచిద్దాం అని.

ఆ ఊళ్ళో ఇంగ్లీషు వచ్చినవాళ్ళు లేరు. అదే గంగాభవానికి కష్టంగా తోచింది. వాళ్ళు ఆయన మొహంలోకి నమ్మకంగా చూస్తున్నారు. రేపు శుక్రవారం. ఈ మాటలు లేకపోతే ఎల్లుండి తను తొమ్మిదో నంబరు హెడ్‌ఫోను ముట్టుకునే పని ఉండదు. దేవరాపల్లి దగ్గర ఇంటికి పోయి చెరుకు తోటలో మళ్ళీ... ఆమెకి భయమేసింది. భయమేసినా నోరు ముందే కదిలింది.

"సార్, ఆరో అంశం రాసింది మీరే" అంది. తెలుగులో, అందరికీ వినపడేలా.

దేవేంద్ర గారు నేల చూపులు చూశారు.  చివరికి బేగు తెరిచి, తువ్వాలు చుట్ట విప్పి, హార్డ్ డిస్కు ఆమె చేతికిచ్చారు.

గంగాభవాని అట్ట వేయించిన ప్రతుల్ని తల్లమ్మ చేతికిచ్చి, రాతి మీద లాప్‌టాపు పెట్టి, ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచింది. నిజంగానే తుడిచెయ్యాలా అని లాప్‌టాపు అడిగినప్పుడల్లా దాన్ని తెలుగులో చెప్పి, ఎవరి మాటల్ని వాళ్ళ వేలితోనే నొక్కించింది. తల్లమ్మ కళ్ళు మూసుకుని నొక్కింది. మత్స్యరాజు రెండుసార్లు నొక్కాడు, గట్టిగా పోవాలని. దేవేంద్ర గారు పక్కన చేతులు జోడించుకుని, కావలసినవాళ్ళని సాగనంపుతున్నట్టు నిలబడ్డారు. ఆయన ఎంతో ఇష్టపడ్డ దీర్ఘాలన్నీ పావుగంటలో పోయాయి.

"పాపం, సారు మొకం సూడండే" అంది తల్లమ్మ. ఆవిడకి జాలేసింది. "ఇంద పిల్లా, ఆ ఉడతని తియ్యి. ఇప్పుడడుగు. ఏటి సెప్పమంతే అది సెప్తాను."

ఉడత అంటే బొచ్చు టోపీ తొడిగిన రికార్డరు. గంగాభవాని దాన్ని రాతిమీద పెట్టి మీట నొక్కింది. ఎర్ర దీపం వెలిగింది. ఆడవాళ్ళందరూ చుట్టూ చేరి సర్దుకుని కూర్చున్నారు. తల్లమ్మ ముక్కుతో గాలి పీల్చింది. నోరు తెరిచింది. మళ్ళీ మూసింది.

"ఏటి సెప్పాల?"

"మీ ఇష్టం మామ్మా. ఏదైనా."

"హేండిలు వచ్చీసినాది కదా." ఆవిడ పక్కవాళ్ళ వైపు చూసింది, వాళ్ళు ఆవిడ వైపు చూశారు. "మైకు పెట్టీసి అడిగితే గోడే కదేటి సెప్పుకోవాల. గోడు నేనోళ్ళు ఏటి మాటాడుకుంతారమ్మా?"

 నాలుగేళ్ళుగా మాటలతోనే గంగాభవాని పని. పిల్లలకి వేరే భాషలో పలకరించుకోవడం నేర్పడానికి పాఠాలు పెడుతోంది. ఇలాంటి ప్రశ్న ఏ పాఠంలోనూ రాలేదు. ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది.

ఈలోగా దేవేంద్ర గారు గ్రీజు చేతులు కడుక్కుందామని బోరింగు దగ్గరికి వెళ్ళారు. హేండిలు నాలుగుసార్లు కొట్టి, గబగబా చుట్టూ తిరిగి తొట్టి వైపు వచ్చి చేతులు పట్టారు. అప్పటికి ధార ఆగిపోయింది. మళ్ళీ వెనక్కి పోయి, ఈసారి ఎనిమిదిసార్లు కొట్టి, పంచె ఎగ్గట్టి పరిగెత్తుకొచ్చారు. రెండు చుక్కలు పడ్డాయి. మూడోసారి హేండిలు మీద ఒక చెయ్యి ఉంచి, రెండో చెయ్యి ధార కిందకి చాపి చూశారు. అందలేదు. ఒక కాలు కూడా చాపారు. ఆయన మనిషేమో పొట్టి.

ముందు ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత ఎవరూ ఆగలేదు.

"అలాగ నూరేళ్ళు పరిగెట్టినా అందదు బాబూ" అంది తల్లమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని. "ఒకలు కొట్టాల, ఒకలు కడుక్కోవాల. మా ఆయనా ఇంతే. ఈ బోరింగు ఏసిన కొత్తలో ఏటి సేసేడో తెలుసా? తెల్లారీసరికి వచ్చీసి, ఊరందరి బిందెలూ కొట్టి నింపీవోడు. ఎంత మంచోడే నీ మొగుడు అని అందరూ అనీసరికి ఇంకా గట్టిగా కొట్టీవోడు. నా బిందె దగ్గరికొచ్చీసరికి సెయ్యి నొప్పెడతందే అనీవోడు..."

"అందుకే కదేటి, ఆ బిందె అన్నియ్య నెత్తిమీదే బోర్లించీసేవు" అన్నాడు మత్స్యరాజు దూరంనుంచి.

"బోర్లించనా మరి? ఇనమ్మా, ఆ కత ఇను..."

గంగాభవాని చప్పుడు కాకుండా రికార్డరుని రెండంగుళాలు ముందుకి జరిపింది. దేవేంద్ర గారు తడి పంచెతోనే వచ్చి రాతి పక్కన చతికిలబడ్డారు. తల్లమ్మ తర్వాత ఇంకొకామె, ఆ తర్వాత మత్స్యరాజు. ఒకళ్ళ మాటకి ఇంకొకళ్ళు అడ్డొస్తూ, కాదంటూ, గిల్లుకుంటూ, బస్సు వేళ దాకా ఏడుగురు మాట్లాడారు. ఏ ఒక్కరూ దేవేంద్ర గారి జాబితాలోని ప్రశ్నకి జవాబు చెప్పలేదు. ఆయనా అడగలేదు.

"ఏడుగురే సార్. పందొమ్మిది రాలేదు" అంది గంగాభవాని.

"కమిటీకి నేను చెప్పుకుంటాను. ఇన్నాళ్ళూ మనం అర్జీలు విని అచ్చులు లెక్కపెట్టామని కూడా చెప్తాను. నీ పొడిగింపు కాగితం మీద ముందు నా సంతకం ఉంటుంది. ఆ తర్వాతే వాళ్ళకి కాఫీ." దేవేంద్ర గారు సిరా డబ్బా తీశారు. "కాని ఈసారి ఏం చెప్పారో వాళ్ళకి వినిపించి, అప్పుడే వేలిముద్ర అడుగుదాం."

తల్లమ్మ చెవులకి గంగాభవాని హెడ్‌ఫోను పెట్టింది. జుట్టు సర్ది, మెత్తలు సరిగ్గా కూర్చోబెట్టి, మీట నొక్కింది. తల్లమ్మ మొదట ఉలిక్కిపడింది. తర్వాత కనుబొమలు ముడేసి విన్నది.

"ఎవలే ఇది, ఇలాగ ఇరగబడి నవ్వుతంది?"

"నువ్వే మామ్మా."

"నానా?"

రెండు చేతులతో హెడ్‌ఫోనుని చెవులకి అదుముకుంది. తల ఒక పక్కకి వంచింది. దేవేంద్ర గారు వంగి, ఆవిడ ఎడమచేతి బొటనవేలికి తనే సిరా రాసి, కాగితం కిందపెట్టి పట్టుకున్నారు. ఆవిడ కాగితం వైపు చూడకుండానే వేలిముద్ర వేసింది. వినడం ఆపలేదు.

"వొదినా, బిందె నిండిపోనాది, వచ్చి ఎత్తుకో!" అని మత్స్యరాజు బోరింగు దగ్గరనుంచి అరిచాడు.

తల్లమ్మ సిరా అంటిన చెయ్యి పైకెత్తి అతన్ని ఆపింది.

"ఉండెహె. ఆ మనిసి ఇంకా సెప్తంది."